పావులు కాస్త పక్కన పెట్టండి



1984 సెప్టెంబరు 10న మాస్కోలో ప్రపంచ చదరంగం కిరీటం కోసం ఒక పోటీ మొదలైంది. ఒకవైపు ఛాంపియన్ అనతోలీ కార్పోవ్, మరోవైపు 21 ఏళ్ల కుర్రాడు గ్యారీ కాస్పరోవ్. ముందుగా ఆరు గేములు గెలిచినవాడే విజేత. డ్రాలు లెక్కలోకి రావు. మొత్తం ఇన్ని గేములే అన్న పరిమితి కూడా లేదు. తొమ్మిది గేములయ్యేసరికి కార్పోవ్ నాలుగు గెలిచి కూర్చున్నాడు. ఇంకేముంది, త్వరలోనే తేలిపోతుంది అనుకున్నారంతా. అక్కడినుంచి వరసగా 17 డ్రాలు. 27వ గేములో కార్పోవ్‌కి ఐదో గెలుపు దక్కింది. మిగిలింది ఒక్కటే, ఆ ఒక్కటే ఎంతకీ రాలేదు. చలికాలం వచ్చింది, కొత్త సంవత్సరం వచ్చింది, ఆట మాత్రం నడుస్తూనే ఉంది. కాస్పరోవ్ ఒక గేము గెలిచాడు. తర్వాత 47, 48 గేములు వరసగా గెలిచాడు. 1985 ఫిబ్రవరి 15న అంతర్జాతీయ చదరంగ సమాఖ్య, అంటే ఫిడే అధ్యక్షుడు కాంపోమానెస్ విలేకరులను పిలిచి, ఫలితం లేకుండానే పోటీని ఆపేస్తున్నాం అని ప్రకటించాడు. ఐదు నెలలు, 48 గేములు, అందులో 40 డ్రాలు. కార్పోవ్ పది కిలోల దాకా చిక్కిపోయాడని అప్పట్లో చెప్పుకున్నారు.

ఆటగాళ్ల ఆరోగ్యం కోసమే ఆపామన్నారు. కాదు, కార్పోవ్‌ని కాపాడడానికే ఆపారని కాస్పరోవ్ ఆరోపించాడు. ఆ వాదన మనం తేల్చేది కాదు. నాకు ఆసక్తి కలిగించేది మరో సంగతి. ఆ రోజు ఇద్దరు ఆటగాళ్లూ మేం ఆడతాం అనే అన్నారు. కాస్పరోవ్ అలా అన్నాడంటే అర్థముంది, గాలి అతనివైపు తిరిగింది. కానీ అంత నీరసించిన కార్పోవ్ కూడా ఆడతాననే అన్నాడు.

చదరంగంలో ఉన్న చిక్కు ఇదే. కబడ్డీలో కూత ఆగిపోతే ఆ దాడి అయిపోయినట్టే. దమ్ము ఎంతవరకో ఆట కూడా అంతవరకే. క్రికెట్‌లో వెలుతురు తగ్గితే అంపైర్లు బెయిల్స్ తీసేస్తారు. కుర్చీలో కూర్చుని ఆడే ఈ ఆటలో అలా ఆపేది ఏదీ లేదు. కాళ్లు పట్టేయవు, చెమట కారదు, ఊపిరి ఎగపోయదు. ఓపిక అయిపోయిన సంగతి ఆడేవాడికే తెలియదు. అందుకే, ఎప్పుడు ఆపాలో అలసిపోకముందే తేల్చుకోవాలని నేనంటాను. అలసిపోయాక ఆ నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చే బుర్ర అప్పుడు మన దగ్గర ఉండదు.

మరి అలసట వచ్చిందని తెలిసేదెలా? ఓడిపోయిన గేమును తిరగేసి చూడబుద్ధి కాదు. గెలిచే స్థితిలో ఉండి కూడా, ఎప్పుడు లేచిపోదామా అన్న తొందరతో డ్రాకి ఒప్పుకుంటాడు. గడియారంలో బోలెడు టైమ్ ఉన్నా చేతికొచ్చిన ఎత్తు వేసేస్తాడు. రాత్రి కళ్లు మూస్తే అరవైనాలుగు గళ్లు కదులుతుంటాయి, నిద్ర పట్టదు. వీటన్నిటికంటే ముందు, టోర్నీ రద్దయిందన్న కబురు వింటే లోపల ఎక్కడో హాయిగా ఉంటుంది. ఈ చివరి గుర్తు కనబడితే చాలు, మిగతావాటికోసం వెతకనక్కర్లేదు.

దీన్నే బర్నౌట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన కొత్త వ్యాధుల వర్గీకరణలో దీనికి చోటు దొరికింది, అయితే జబ్బుగా కాదు, ఉద్యోగంలోని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా. శక్తి హరించుకుపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఆ పనిలో పస తగ్గడం అని మూడు లక్షణాలు చెప్పారు. ఉద్యోగ జీవితానికి తప్ప మరోచోట ఈ మాట వాడొద్దని కూడా అందులోనే రాశారు. ఆ లెక్కన చదరంగం ఆడే పదేళ్ల పిల్లకి ఇది వర్తించకూడదు. ఆ పిల్ల ఉద్యోగం చేయడం లేదు కదా! కానీ ఆమె రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున లేస్తూనే పజిల్స్, తర్వాత బడి, సాయంత్రం ఆన్‌లైన్‌లో కోచింగ్, రాత్రి ఓపెనింగ్స్ వల్లెవేయడం, ఆదివారం టోర్నీ. సెలవు లేని ఉద్యోగం ఇంకెలా ఉంటుందో నాకు తెలియదు.

ఏదైనా ఆదివారం ఫంక్షన్ హాల్లోనో, స్కూల్లోనో జరిగే పిల్లల రాపిడ్ టోర్నీకి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడండి. తలుపు తెరుచుకుని పిల్లలు ఒక్కొక్కరే బయటికి వస్తుంటారు. పెద్దవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న 'ఏమైంది?' అనే. గెలిచాను, ఓడాను, డ్రా, ఈ మూడింట్లో ఒకటి చెప్పాలి. 'ఆకలేస్తోందా నాన్నా?' అని ముందు అడిగిన తండ్రి ఎవరైనా కనిపిస్తే ఆయనకో దండం పెట్టండి. డబ్బా తెరిచి నాలుగు ముద్దలు పెట్టేలోగా తర్వాతి రౌండు పెయిరింగ్స్ గోడకి అంటించేస్తారు. రోజుకి ఆరేడు రౌండ్లు. 2024లో సింగపూర్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ప్రపంచ కిరీటం కోసం ఆడినప్పుడు మూడు గేములకొక విశ్రాంతి రోజు ఉంది. అవి గంటల తరబడి సాగే క్లాసికల్ గేములు, ఇవి త్వరగా ముగిసే రాపిడ్, రెంటికీ పోలికేమిటని మీరు అనొచ్చు. సరే, మన దేశంలో జరిగే రేటింగ్ టోర్నీలనే తీసుకోండి. వాటిలో చాలావరకు క్లాసికల్ గేములే రోజుకి రెండేసి ఆడిస్తారు.

తల్లిదండ్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కోచింగ్ ఫీజులు, రైలు టికెట్లు, హోటల్ గదులు, ఆఫీసులో పెట్టే సెలవులు, ఇదంతా వాళ్ల కష్టమే. ఇంత పెట్టాక నెలరోజులు ఆపమంటే గుండె గుభేలుమంటుంది. వాళ్ల భయమంతా ఆట బలాన్ని చెప్పే అంకె, అంటే రేటింగ్, పడిపోతుందేమోనని.

ఈ భయానికి లెక్కల్లో మాత్రం ఆధారం లేదు. ఆడకుండా కూర్చున్నంత మాత్రాన ఫిడే రేటింగ్ ఒక్క పాయింటు కూడా తగ్గదు. ఏడాదిపాటు రేటెడ్ గేము ఒక్కటీ ఆడకపోతే జాబితాలో పేరు పక్కన ఇనాక్టివ్ అన్న గుర్తు పడుతుంది. మళ్లీ ఆడితే ఆ గుర్తు పోతుంది. అంకె మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే ఓపిక లేకుండా ఆడితే ఏమవుతుందో చూడండి. పద్దెనిమిదేళ్లలోపు వయసుండి, రేటింగ్ 2300కి తక్కువున్న పిల్లలకి క్లాసికల్ గేముల్లో ఫిడే వాడే గుణకం 40. అంటే తమతో సమానమైన రేటింగ్ ఉన్న వాళ్ల చేతిలో ఓడితే ఒక్క గేముకి 20 పాయింట్లు పోతాయి. అలాంటి గేములు ఒక టోర్నీలో ఐదు ఓడితే 100 పాయింట్లు. ఆ వారం ఇంట్లో పడుకుని నిద్రపోతే పోయేది సున్నా. పిల్లలను ఈ టోర్నీలకి తీసుకొచ్చేవాళ్లలో ఇంజినీర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, లెక్కల మాస్టార్లున్నారు. ఈ కాస్త తీసివేత ఎందుకు చేయరో నాకు అంతుబట్టదు.

చైనా క్రీడాకారిణి హౌ యిఫాన్‌నే చూడండి. 16 ఏళ్లకే మహిళల ప్రపంచ ఛాంపియన్. 2018లో రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్లి చదువుకుంది. 2020లో షెంజెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది. టోర్నీలు బాగా తగ్గించేసింది. అయినా మహిళల రేటింగ్ జాబితాలో ఏళ్ల తరబడి మొదటి పేరు ఆమెదే.

విరామం వల్ల నష్టమే లేదని నేను చెప్పను. మిఖాయిల్ బొత్విన్నిక్ 1948లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతను విద్యుత్ ఇంజినీరు కూడా. కిరీటం గెలిచాక మూడేళ్లపాటు పోటీల్లోకి రాకుండా డాక్టరేట్ పని చూసుకున్నాడు. 1951లో బ్రాన్‌స్టీన్‌తో టైటిల్ పోటీకి కూర్చునేసరికి చేయి సాగలేదు. ఇంక రెండు గేములే ఉన్నాయనగా ఒక పాయింటు వెనకబడి ఉన్నాడు. 23వ గేము గెలిచి, చివరిది డ్రా చేసుకుని 12-12తో బయటపడ్డాడు. సమానమైతే కిరీటం ఛాంపియన్‌దే అన్న నియమం అతన్ని కాపాడింది. తుప్పు పట్టడం నిజమేనన్నమాట. అయితే అదే మనిషి 1957లో స్మిస్లోవ్‌కి కిరీటం పోగొట్టుకుని 1958లో తిరిగి తెచ్చుకున్నాడు. 1960లో తాల్‌కి పోగొట్టుకుని 1961లో, యాభై ఏళ్లు నిండబోతుండగా, మళ్లీ గెలుచుకున్నాడు. తుప్పు సాధనతో వదులుతుంది. ఆట మీద విరిగిపోయిన మనసు అంత తొందరగా అతుక్కోదు.

గాటా కామ్‌స్కీ కథ ఇంకా ముఖ్యమైనది. సైబీరియాలో పుట్టి, 1989లో తండ్రితో అమెరికా చేరాడు. తండ్రి రుస్తం ఒకప్పుడు బాక్సర్. కొడుకు ఆటనంతా ఆయనే నడిపేవాడు. ఆయన కోపం గురించి చదరంగం లోకంలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. కుర్రాడు 17 ఏళ్లకే అమెరికా ఛాంపియన్ అయ్యాడు. 1996లో ఎలిస్తాలో జరిగిన ఫిడే ప్రపంచ టైటిల్ పోటీలో కార్పోవ్ చేతిలో ఓడాడు. ఆ తర్వాత ఆట మానేశాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. వైద్యవిద్యకు కావలసిన చదువు మొదలుపెట్టాడు, తర్వాత దాన్ని వదిలి లా డిగ్రీ చేశాడు. 1999లో ఒక్క టోర్నీలో కనిపించి మళ్లీ మాయమయ్యాడు. 2004లో తిరిగి వచ్చాడు. 2007లో ప్రపంచ కప్పు గెలిచాడు. 2010కీ 2014కీ మధ్య నాలుగుసార్లు అమెరికా ఛాంపియన్ అయ్యాడు.

ఎనిమిదేళ్లు వృథా అయ్యాయని లెక్కకట్టేవాళ్లు ఉంటారు. నేనలా అనుకోను. ఆ వయసులో ఆ కుర్రాడి మనసులో ఏముందో మనకి తెలియదు. కానీ వారాలు, నెలలు విరామం దొరకని పిల్లలు చివరికి ఏళ్లకేళ్లు దూరమైపోవడం మన ఊళ్లలోనూ చూస్తున్నదే. ఎనిమిదో తరగతి దాకా కప్పులు, మెడల్స్‌తో షోకేసు నింపేసి, పదో తరగతికి వచ్చేసరికి బోర్డు ముఖమే చూడని పిల్లలు ఎంతమంది! చదువు వల్లే మానేశారని అందరం సర్దిచెప్పుకుంటాం. చదువు ఒక వంక మాత్రమే అయిన పిల్లలు వాళ్లలో చాలామందే ఉంటారని నా అనుమానం. వాళ్లందరూ కామ్‌స్కీలా తిరిగి రారు.

మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి దారి వేరు. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, అతి చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళగా అంతవరకు జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును చెరిపేసింది. 2016 తర్వాత బిడ్డ కోసం సుమారు రెండేళ్లు ఆటకి దూరంగా ఉంది. దాన్ని విశ్రాంతి అంటే పసిబిడ్డల తల్లులు ఊరుకోరు. నేనూ అనను. కానీ ఆట నుంచి దూరం మాత్రం దూరమే. 2018లో బతూమి ఒలింపియాడ్‌తో తిరిగి వచ్చింది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచింది. ఐదేళ్ల తర్వాత న్యూయార్క్‌లో, 37 ఏళ్ల వయసులో, అదే టైటిల్ రెండోసారి గెలిచింది. రాపిడ్ అంటే కుర్రకారు ఆట, అందులో చురుకుదనమే సగం బలం అంటారు కదా. రెండేళ్లు దూరమైతే ఆ చురుకు పోతుందన్న మాట హంపి విషయంలో నిలవలేదు.

పూర్తిగా మానకుండా, విసుగు పుట్టించే భాగాన్ని మాత్రమే వదిలేసే పద్ధతి ఒకటుంది. మాగ్నస్ కార్ల్‌సన్ 2022 జులైలో, ఇక ప్రపంచ కిరీటం కోసం పోటీ ఆడనని ప్రకటించాడు. 2013లో చెన్నైలో విశ్వనాథన్ ఆనంద్ నుంచి గెలుచుకున్న కిరీటం అది. ఆ పోటీకి నెలల తరబడి సిద్ధం కావడం మీద అతనికి ఉత్సాహం పోయింది. మిగతా టోర్నీలు ఆడుతూనే ఉన్నాడు, గెలుస్తూనే ఉన్నాడు. మన పిల్లలకి కూడా ఇది పనికొస్తుంది. టోర్నీలు విసుగైతే టోర్నీలు ఆపి, తాతయ్యతో వరండాలో ఆడుకోనివ్వండి. కోచింగ్ విసుగైతే కోచింగ్ ఆపండి.

విరామంతో తీరనివి కొన్ని ఉంటాయి. అది కూడా చెప్పుకోవాలి. డింగ్ లిరెన్ 2023 ఏప్రిల్ 30న అస్తానాలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత నెలల తరబడి దాదాపు ఆడలేదు. నిద్ర పట్టక, కుంగుబాటుతో బాధపడ్డానని, వైద్యం చేయించుకున్నానని అతనే బహిరంగంగా చెప్పాడు. 2024 జనవరిలో మళ్లీ ఆడడం మొదలుపెట్టినా పాత డింగ్ కనబడలేదు. జనవరి తర్వాత ఒక్క క్లాసికల్ గేమూ గెలవకుండానే నవంబరులో సింగపూర్ పోటీకి వచ్చాడు. వచ్చి, మొదటి గేము నల్లపావులతో గెలిచాడు! చివరి గేము దాకా 6.5-6.5తో నిలిచి, ఆ చివరి గేములో ఒక్క పొరపాటుతో కిరీటాన్ని గుకేశ్‌కి అప్పగించాడు. అందరూ ఆ పొరపాటు గురించే మాట్లాడుకున్నారు. అంత బాధ పడ్డ మనిషి ఆ గేము దాకా రావడమే గొప్ప అని నేననుకుంటాను. అలసట వేరు, కుంగుబాటు వేరు. పదిహేను రోజులు ఆట మానినా తిండి సహించక, నిద్ర లేక, దేనిమీదా మనసు నిలవకపోతే అది చదరంగం సంగతి కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

పిల్లల సంగతి అలా ఉంచితే, ఇప్పుడు చదరంగం పెద్దవాళ్ల జేబుల్లోకి వచ్చేసింది. రాత్రి పదకొండు గంటలకి పడుకోబోతూ ఫోన్‌లో మూడు నిమిషాల బ్లిట్జ్ ఒకటి ఆడదామనుకుంటారు. ఓడిపోతారు. ఇంకొక్కటి. అదీ పోతుంది. ఆ పోయిన పాయింట్లు తిరిగి రాబట్టుకునేదాకా నిద్ర పట్టదు. పోయినచోటే రాబట్టాలనుకునే పేకాటరాయుడి వరస ఇది. పేకాటలో జేబు ఖాళీ అయితే లేచి రాక తప్పదు, ఇక్కడ ఆ అడ్డు కూడా లేదు. పక్కనే రీమ్యాచ్ బటన్ మెరుస్తూ ఉంటుంది. వరసగా రెండు ఓడితే ఆ రాత్రికి ఆట బంద్ అని నియమం పెట్టుకోండి. నియమం నిలవకపోతే యాప్ తీసేయండి. అకౌంటు ఎక్కడికీ పోదు.

విరామం తీసుకుంటే నిజంగా తీసుకోవాలి. టోర్నీ మానేసి పొద్దస్తమానం యూట్యూబ్‌లో చెస్ వీడియోలు చూస్తే బుర్రకి తేడా తెలియదు. అది ఆ గళ్లలోనే తిరుగుతుంటుంది. పాత ఛాంపియన్లకి మరో లోకం ఉండేది. వసిలీ స్మిస్లోవ్ ఒపెరా గాయకుడు. 1950లో బొల్షోయ్ థియేటర్ ఎంపికకి కూడా వెళ్లాడు. ఎంపిక కాలేదు, ఏడేళ్లకి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, పాడడం మాత్రం మానలేదు. మన ఆనంద్‌కి నక్షత్రాల పిచ్చి. 4538 నంబరు గ్రహశకలానికి ఆయన పేరే పెట్టారు. పిల్లలకి ఈత కానివ్వండి, సైకిల్ కానివ్వండి, వీధిలో గోలీలు కానివ్వండి, ఒళ్లు కదిలే ఆట ఏదైనా మంచిదే. దాంట్లో కూడా కప్పు తెమ్మని మాత్రం పంపకండి.

తిరిగి వచ్చేటప్పుడు తొందర వద్దు. మొదటి రోజే రేటెడ్ గేముకి కూర్చుంటే తుప్పు కాస్తా ఓటమిగా మారి మళ్లీ విసుగు మొదలవుతుంది. ముందు తేలిక పజిల్స్, తర్వాత స్నేహితులతో రెండు మూడు గేములు, ఆ తర్వాత ఊళ్లో జరిగే చిన్న టోర్నీ. విరామం మొదలుపెట్టేముందే ఎన్ని రోజులు ఆపుతున్నారో, ఏ తేదీకి తిరిగి మొదలుపెడతారో రాసిపెట్టుకోండి. తేదీ ఉంటే పిల్లలకి తప్పు చేస్తున్నామన్న దిగులుండదు, పెద్దవాళ్లకి చేజారిపోతోందన్న కంగారుండదు.

వేసవి సెలవులు వస్తే టోర్నీలు, క్యాంపులు వరసకడతాయి. ఎంట్రీ ఫీజులు కట్టేముందు క్యాలెండర్ తీసి, అందులో రెండు వారాలు మీ అమ్మాయితోనో అబ్బాయితోనో గుర్తు పెట్టించండి. ఆ రెండు వారాలు పిల్లలను అమ్మమ్మగారి ఊరు పంపండి. చదరంగం బోర్డు సంచిలో పెట్టకండి. రాపిడ్, బ్లిట్జ్, పజిల్స్ అని ఫోన్‌లో గుర్తుచేయకండి. తిరిగొచ్చాక వాళ్లంతట వాళ్లే బోర్డు తీసి పావులు పేర్చుకుంటే సంతోషం. పేర్చుకోకపోతే ఇంకో రెండు వారాలు ఆగండి.